ముక్కు కోసిన కోళ్లు

“చంపుడు లేదు, కొట్టుడు లేదు. ముందటి పండ్లు పీకితే చాలు,” అన్నాడు గణపతి. “నోట్లె పండ్లు లేకుంటే మంత్రం పలుకదు.”

కరెంటు స్తంభానికి కట్టేసి ఉన్న బుచ్చమ్మ ఆ మాట విని నోరు గట్టిగా మూసుకుంది. డెబ్బై దాటిన మనిషి. ఇంట్లోంచి ఈడ్చుకొచ్చినప్పుడు మోచెయ్యి గీసుకుపోయి రక్తం ఎండి నల్లబడింది. జుట్టు నిండా మట్టి. ఎండ నడినెత్తికి వచ్చినా చుట్టూ మూగిన జనంలో ఒక్కరూ కదలడం లేదు.

ఆ స్తంభం సుజాత ఇంటి ముందే ఉంది. ఇంటి పక్కన ఇనుప జాలీ కట్టిన కోళ్ల షెడ్డు. అందులో సుజాత నేల మీద కూలబడి, ఒళ్లో ఉన్న కోడిని పట్టుకుని ఉంది. ఎర్ర హైబ్రిడ్ పెట్ట. మెడ వాలిపోయింది. ముక్కు నుంచి సొంగ తీగలా సాగి ఆమె చీర మీద పడింది. ఒకసారి రెక్కలు టపటపా కొట్టుకుని ఆగిపోయింది. షెడ్డులో ప్రాణంతో మిగిలింది అదొక్కటే. ఇప్పుడు అదీ లేదు.

“ఏమే, కోళ్లను పట్టుకుని కూసుంటవా? బయటికి రా,” అని అరిచాడు ఆమె భర్త నగేష్. అతని చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. బావి మోటారు బాగుచేసే సామాన్లలోంచి తెచ్చాడు.

పొద్దున సుజాత బిడ్డను బడికి తయారుచేసి, మిరప ఏరే కూలికి పోయింది. కోళ్లు పడిపోతున్నాయని కబురు వస్తే పరుగెత్తుకొచ్చింది. అప్పటికే సగం చచ్చాయి. జాలీ బయట, కోళ్లు మెడ చాపితే అందేటట్టు, పసుపు బియ్యం చల్లి ఉన్నాయి. మధ్యలో కోసిన నిమ్మకాయ. బాణామతి అన్నారు ఎవరో. “నిన్న మన షెడ్డు కాడికి ఎవరన్న వచ్చిన్రా?” అని అడిగాడు నగేష్. ఏడుస్తూ, “బుచ్చమ్మ చిన్నత్త వచ్చింది. జాలీ పట్టుకుని చూసింది,” అంది సుజాత. ఎందుకు వచ్చిందో చెప్పేలోపు నగేష్ వీధిలో ఉన్నాడు. కొంచెంసేపటికి బుచ్చమ్మ స్తంభం దగ్గర ఉంది.

బుచ్చమ్మ నగేష్‌కు చిన్నమ్మ వరస. పిల్లల్లేరు, భర్త పోయాడు. రోడ్డుకు ఆనుకుని చెలక భూమి ఒక ముక్క, ఒక పెంకుటిల్లు, అంతే ఆమెకున్నది. నగేష్ పొలం ఆ చెలకకు వెనకే.

సుజాత బయటికి వచ్చింది. జనం దారిచ్చారు.

“నీకోసమే ఆగినం బిడ్డా,” అన్నాడు గణపతి. ఊళ్లో పంచాయితీ అంటే అతనే కూర్చుంటాడు. “నష్టపోయిన ఇంటామె నోటి నుంచి రావాలె. ముసలిది వచ్చి నీ కోళ్లను చూసిందని అందరి ముంగట ఒక్కమాట చెప్పు. మిగిలింది మేం చూసుకుంటం.”

“సుజాతా,” అంది బుచ్చమ్మ, పెదాలు ఎక్కువ తెరవకుండా. “జర నీళ్లియ్యి బిడ్డా.”

“నీళ్లల్ల కూడ ఉమ్మేస్తది, ఇయ్యకుండ్రి!” అన్నారు వెనక నుంచి.

“ఉమ్మనీకి నోట్లె తడుండాలె కదరా, పొద్దటి సంది కట్టేస్తిరి,” అంది బుచ్చమ్మ. ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు.

నగేష్ ఆమె ముందు వంగాడు. గొంతు మెత్తగా మార్చాడు. “చిన్నమ్మా, నా మాటిను. మహదేవపూర్‌ల మీ అక్క బిడ్డ ఉన్నది కదా, ఆమె కాడికి పో. ఊరిడిసి పోతనంటే పండ్లు కూడ పీకద్దని బతిమాలుత. చెలక గురించి పరేషాన్ గాకు. అది నేను చూసుకుంట.”

“నా చెలక నేనే చూసుకుంట నాయినా.”

నగేష్ లేచి నిలబడ్డాడు. “చూసిన్రా పొగరు?”

సుజాత నీళ్ల చెంబు కోసం వెనక్కి తిరిగింది. అప్పుడు కనిపించింది ఆమెకు. షెడ్డు పక్కన తన నాటు కోడి, పిల్లలతో. పసుపు బియ్యం గింజలు ఒక్కొక్కటే ఏరుకు తింటోంది.

“ఉష్!” అని చెయ్యెత్తింది. చెయ్యి అలాగే ఆగిపోయింది.

పొద్దున నేల పసుపు పచ్చగా ఉంది. ఇప్పుడు అక్కడొకటి, ఇక్కడొకటి గింజలున్నాయి. మిగిలినవన్నీ ఈ కోడీ పిల్లలూ తినేశాయి. పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెడుతున్నాయి. ఒక్కటి కూడా తూలడం లేదు.

సుజాత షెడ్డులో పడి ఉన్న ఎర్ర కోళ్ల వైపు చూసింది. అన్నింటికీ ముక్కులు సగానికి కోసి, మొద్దుగా ఉన్నాయి. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా జనగామ దగ్గరి ఫారంలోనే పిల్లలప్పుడు కోసేశారు. వాటిని ఆటోలో తెచ్చిన రోజు సంబరంగా గుప్పెడు బియ్యం నేల మీద చల్లింది. మొద్దు ముక్కులతో నేలను పొడిచి పొడిచి, ఒక్క గింజా దొరకక, అవి ఆమె మొహంలోకి చూశాయి. పక్కింటి కల్పన గోడ మీద నుంచి పడీపడీ నవ్వింది. “నీ కోళ్లకేమో ముక్కు లేదు, నీ నోట్లకేమో మొగుని పేరు రాదు. మంచిగ కుదిరిన్రు!”

ఆ మాట నిజమే. మహిళా సంఘం మీటింగులో భర్త పేరు అడిగితే సుజాత చీర కొంగు నోట్లో పెట్టుకునేది. కల్పనే చెప్పేది. భర్త పేరు పెండ్లాం నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పి చచ్చిపోయింది. పెళ్లయిన నాటి నుంచి సుజాత ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు.

ఆ రోజు నుంచి హైబ్రిడ్ కోళ్లకు మక్కజొన్న నూక, తవుడు కలిపి లోతు తొట్టిలోనే పెడుతోంది. కింద పడ్డది అవి తినలేవు. తొట్టిలో ఉన్నదే తింటాయి.

సుజాత మళ్లీ షెడ్డులోకి పోయింది. తొట్టి అడుగున కొంచెం మేత మిగిలి ఉంది. వేళ్లతో కెలికింది. పసుపు పచ్చని నూకలో నల్లటి రవ్వ. ముక్కు దగ్గర పెట్టుకోగానే కళ్లు మండాయి. ఆ వాసన ఆమెకు తెలుసు. వరి మడిలో చల్లే గుళికల మందు.

కుక్కల భయానికి షెడ్డుకు రాత్రీ పగలూ తాళం వేస్తుంది. తెల్లారి తనే తీసి, మేత తనే వేస్తుంది. ఈ రోజు తప్ప.

“నువ్వు కూలికి పో. ఇయ్యాల మేత నేనేస్త,” అని ఇవాళ తెల్లవారుజామున నగేష్ చెయ్యి చాపాడు. కోళ్లు వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ వాటి దగ్గరికి రాని మనిషి. వాటి కంపు పడదని ముక్కు మూసుకునే మనిషి. సుజాత మురిసిపోయి తాళంచెవి ఇచ్చింది. మిరప చేనుకు పోతూ దారిలో కల్పనతో చెప్పుకుంది కూడా. “ఇయ్యాల పొద్దు పడమర పొడిసినట్టుందే!” అని కల్పన ఆట పట్టించింది.

ఒక్కసారి వాటికి మేత వేసి ఉంటే, అవి ఎట్లా తింటాయో చూసి ఉంటే, అతను ఆ బియ్యం నేల మీద చల్లేవాడు కాదు.

బయట బుచ్చమ్మ అరిచింది. ఇద్దరు మనుషులు ఆమె తల స్తంభానికి ఆనించి దవడలు నొక్కి పట్టుకున్నారు. నగేష్ ప్లేయర్ తెరిచాడు.

సుజాత తొట్టిని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి గణపతి కాళ్ల దగ్గర పెట్టింది.

“ఆపుమను మామా. ముందుగాల ఇది వాసన సూడు.”

గణపతి వంగాడు. వెంటనే దగ్గుతూ తల వెనక్కి తీశాడు. “గుళికలు!”

“చిన్నత్త నిన్న వచ్చింది నిజం. నత్తగుల్లలు దంచి తెచ్చింది. గుడ్డు పెంకు గట్టిగయితదని. జాలీ పట్టుకుని, మంచిగున్నయి బిడ్డా అన్నది, పోయింది. పొద్దున నేను సగమే చెప్పిన.” సుజాత షెడ్డు వైపు చెయ్యి చూపింది. “మా కోళ్లకు ముక్కు లేదు మామా. కింద గింజ ఏరలేవు. పసుపు బియ్యం తిన్నది మా నాటు కోడి. గదిగో, పిల్లలతోటి తిరుగుతున్నది. మందు తొట్టిల ఉన్నది.”

దవడలు పట్టుకున్న చేతులు కొంచెం సడలాయి.

“అయితే తొట్టిల కూడ ఈమెనే కలిపింది!” అన్నాడు నగేష్.

“షెడ్డుకు తాళం ఉండె,” అంది సుజాత.

“తాళంచెవి ఎవరి తాన ఉండె?” గణపతి అడిగాడు.

“పొద్దుగాల ఇచ్చిన. మా ఇంటాయనకు.”

జనం నగేష్ వైపు తిరిగారు. నగేష్ నవ్వాడు. ఆ నవ్వు మొహంలో సగం వరకే వచ్చింది. “దీనికి కూడ చేసింది ముసలిది. మతి పోయింది. ఏం మాట్లాడుతున్నదో దానికే తెల్వదు. ఏయ్, నోరు తెరువుండ్రి ముసలిదానిది!”

గణపతి తొట్టి వైపే చూస్తూ నిలబడ్డాడు. వద్దని మాత్రం అనలేదు. ప్లేయర్ బుచ్చమ్మ పెదవికి తగిలింది. రక్తం చుక్క గడ్డం మీదికి జారింది.

సుజాత నడుముకున్న సంచిలోంచి ఫోన్ తీసి వంద నొక్కింది. స్పీకర్ పెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుంది.

“హలో, పోలీస్ కంట్రోల్ రూమ్. చెప్పండి.”

నగేష్ చెయ్యి ఆగింది. బుచ్చమ్మ దవడలు వదిలేసి ఇద్దరూ జనంలో కలిశారు.

“నర్సింహులపేట మండలం సార్. మా ఊర్ల ముసలామెను బాణామతి అని స్తంభానికి కట్టేసిన్రు. పండ్లు పీకుతున్నరు. జల్ది రండ్రి.” ఊరి పేరు చెప్పింది.

“బండి పంపుతున్నామమ్మా. ఫోన్ పెట్టేయకండి. ఎవరు చేస్తున్నారు?”

“మా కోళ్లకు మందు పెట్టినోడే సార్. పెట్టి, ఆమె మీదేసిండు. ఆమె ఊరిడిసిపోతే చెలక తనకొస్తదని.”

“ఎవరమ్మా అతను?”

“మా ఇంటాయన.”

“పేరు చెప్పండి.”

సుజాత కల్పన వైపు చూసింది. తాళంచెవి సంగతి తెలిసిన మనిషి. ఎప్పుడూ తన బదులు పేరు చెప్పే మనిషి. కల్పన తల దించుకుని కాలి బొటనవేలితో మట్టిని రాసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది.

“సుజాతా.” నగేష్ ప్లేయర్ కింద పడేశాడు. గొంతులో బెదిరింపు పోయింది. “నేను పోతే నీకెవరున్నరే? మన బిడ్డ మొకం చూడు. నోరు తెరువకు.”

స్తంభం దగ్గర బుచ్చమ్మ రక్తం మింగుతూ ఆమెనే చూస్తోంది.

“అమ్మా, వినిపిస్తోందా? పేరు?”

సుజాత నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది.

“నగేష్,” అంది. ఫోన్‌లోకి కాదు, అతని మొహంలోకి చూస్తూ. జనం చివరి వరసకు వినపడేలా మళ్లీ అంది. “మందు పెట్టింది నా మొగుడు, నగేష్.”