సుద్దగీత

విశాఖకు పంపాల్సిన రబ్బరు పట్టీ మీద సుద్దగీత నాలుగు వేళ్ల మేర తెగి ఉందని స్వరూప చూపించేసరికి, దాన్ని పాస్ చేసిన జైపాల్ సంతకం ఇంకా ఆరలేదు.

"జర మూలకు చూడన్నా. గీతేది?"

జైపాల్ వంగాడు. ఆ చోటంతా మసకగా ఊగింది.

చిక్కడపల్లి సందులోని ఆ షెడ్డులో యుద్ధనౌకల తలుపులకు పట్టీలు తయారవుతాయి. ఓడ అడుగున ఒక గదిలోకి నీళ్లొస్తే పక్క గదికి పోకుండా ఆపేవి ఆ తలుపులే. స్వరూప పట్టీ కోసి అతికిస్తుంది. జైపాల్ దాన్ని నమూనా తలుపుకు బిగించి, చౌకట్టు అంచుకు సుద్ద రాసి, మూసి తెరుస్తాడు. రబ్బరు మీద తెల్లగీత చుట్టూ తెగకుండా పడాలి. తెగినచోట నీళ్లు దూరతాయి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. సముద్రం మాత్రం చూడలేదు. ఈమధ్య నౌకాదళం నియమాలు బిగించింది. ప్రతి పట్టీకీ చూసినవాడి సంతకం ఉండాలంది. ఆ రోజు జైపాల్ కొత్త పెన్ను కొనుక్కున్నాడు.

ఓనరు వీరరాఘవరావు వచ్చి పట్టీ చూశాడు.

"అతుకు నీదేగా స్వరూపా? రేపట్నుంచి రానక్కర్లేదు."

"అతుకు నాదే సార్. మరి పాస్ చేసినోళ్లను ఏమనరా?"

"ముప్పయ్యేళ్ల మనిషిని అంటావా?"

జైపాల్ పక్కకు జరిగాడు. అన్నం డబ్బా విప్పి, మళ్లీ మూసేశాడు. చొక్కా జేబులో నారాయణగూడ కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ ఆర్నెల్లుగా మడతల దగ్గర చిరుగుతోంది.

చివరికి ఓనరు దగ్గరికి వెళ్లాడు. "పోయిన లాటు గూడ మల్ల చూడాలె సార్."

"అది ఓడకెక్కేసింది. ఎల్లుండి బయల్దేరుతోంది. నోరు మూసుకుని పని చూసుకోవయ్యా."

జైపాల్ సుద్దముక్కను బల్ల మీద పెట్టాడు. అతని బొటనవేలి గుంట దానిమీద లోతుగా ఉంది. డబ్బా, తను సంతకం పెట్టిన తనిఖీ కాగితం తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

అశోక్‌నగర్‌లో ఒక పుస్తకాల దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. ఆ కాగితం మీది విశాఖ నంబరును గైడు కొంటున్న ఒకమ్మాయితో చదివించుకుని ఫోనులో నొక్కాడు. అవతల నౌకాదళం అధికారి పలికాడు.

"సార్, ఎల్లుండి ఓడ ఆపుండ్రి. తలుపుల పట్టీలు పాస్ చేసింది నేనే, జైపాల్‌ను. ఆర్నెల్ల సంది నాకు కండ్లు ఆనుతలేవు. చెప్తే పని పోతదని దాచిన. గీతను వేలితోని తడిమి, తెల్లగ అంటితే సంతకం పెట్టిన. నా వేలికి ఎప్పుడూ సుద్దే ఉంటది సార్. అది తెలిసే పెట్టిన. అతికినామెది తప్పు కాదు, పట్టుకోవాల్సింది నేను. సుద్దముక్క షెడ్డుల బల్లమీదనే ఉన్నది. చూపున్నోళ్లకు ఇయ్యుండ్రి."