నలభై ఒక్క వాన రోజులు

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పాడై నాలుగు నెలలైంది. మాది ఐదో అంతస్తు. మెట్లు తొంభై ఆరు. మొదటి వారం నేను వాటిని లెక్కపెట్టాను. రెండో వారం నుంచి అవే నన్ను లెక్కపెడుతున్నాయి.

"లిఫ్ట్ కంపెనీ మీద ఫిర్యాదు రాద్దాం, ఎవరెవరు సంతకం పెడతారో చెప్పండి" అని అసోసియేషన్ ప్రెసిడెంటు గారు వాట్సాప్ గ్రూపులో అడిగితే, ముప్పై రెండు ఇళ్ళ నుంచి ముప్పై రెండు దణ్ణం బొమ్మలు వచ్చాయి. సంతకం ఒక్కటీ రాలేదు. కింది అంతస్తు వాళ్ళయితే దణ్ణం పక్కన పువ్వు కూడా పెట్టారు. నేనూ దణ్ణమే పెట్టాను. లాయర్ని కదా, తొందరపడి సంతకం పెట్టకూడదు.

ఈ గోల ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ సాయంత్రం ఎనిమిది కిలోల కాంక్రీటు దిమ్మను చంకన పెట్టుకుని ఆ తొంభై ఆరు మెట్లూ ఎక్కాను. అదిప్పుడు మా భోజనాల బల్ల మీద ఉంది. దాని గురించే మీ సలహా కావాలి.

ముందు నా వృత్తి చెప్పాలి. ప్రభుత్వం కట్టించే భవనాలు, వంతెనలు సకాలంలో పూర్తి కావు. ఎందుకు కాలేదని ప్రభుత్వం కాంట్రాక్టర్‌ను అడుగుతుంది. కాంట్రాక్టర్ నన్ను అడుగుతాడు. వాన పడిందని నేను చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే చెబుతున్నాను. కోర్టులో నన్ను వాన లాయర్ అంటారు. మండుటెండల్లో కుండపోత కురిపించిన కేసులున్నాయి నాకు.

వాన ఊరికే కురవదు, కాగితం కావాలి. ప్రతి సైట్‌లోనూ అడ్డంకుల రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది. పని ఆగిన రోజు ఎందుకు ఆగిందో అందులో రాస్తే, గడువు అన్ని రోజులు పెరుగుతుంది. సైట్ గుమాస్తాలు తలా ఒక రకంగా రాసి కేసులు పాడుచేస్తుంటే, ఐదేళ్ల క్రితం నేనే ఒక వాక్యం తయారుచేసి అందరికీ పంచాను: "భారీ వర్షం (ఎంత భారీయో ఇక్కడ రాయాలి) కారణంగా పని పూర్తిగా ఆగినది. సైట్‌లో కూలీలు లేరు."

మంచి వాక్యం. ఎక్కడా ఓడిపోలేదు.

పందొమ్మిది రోజుల క్రితం ఒక అఫిడవిట్ మీద సంతకానికి ఆసుపత్రి సైట్‌కి వెళ్ళాను. ప్రభుత్వం కట్టిస్తున్న ఆరంతస్తుల ఆసుపత్రి, మా కాంట్రాక్టర్ గారిదే పని. పొద్దున్న పదకొండు. ఎండ ఎలా ఉందంటే, కోటు విప్పి చేతి మీద వేసుకుని, నెత్తిన చేతిరుమాలు కప్పుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మూడో అంతస్తు స్లాబ్ పోస్తున్నారు. ఆడవాళ్ళు తట్టలు అందిస్తున్నారు. కింద, స్లాబ్‌ను మోసే ఇనుప జాకీల మధ్య సెంట్రింగ్ మేస్త్రి ఒక్కో జాకీనీ సుత్తితో తట్టి చప్పుడు వింటున్నాడు. రంపంలో పడి కుడి బొటనవేలు సగం పోయింది కాబట్టి సైట్‌లో అందరూ అతన్ని అరవేలు మేస్త్రి అంటారు.

"ఇవి చాలవు సార్," అన్నాడు ఇంజనీరుతో. "తుప్పు పట్టినవి పదిపదిహేను దాకా ఉన్నాయి. ఇంకో యాభై జాకీలు కావాలి."

"సాయంత్రం చూద్దాంలే," అన్నాడు ఇంజనీరు.

స్లాబ్ సాయంత్రం దాకా ఆగలేదు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. బరువు మోసి మోసి ఎవరో కూలబడినట్టు కూలింది. దుమ్ము తేలేసరికి పైనున్నవాళ్ళు పక్క స్తంభాల ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. కింద ఉన్నది మేస్త్రి ఒక్కడే.

కాంట్రాక్టర్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "లాయర్ గారూ, మీరు వెనక గేటు నుంచి వెళ్ళిపోండి. మీకెందుకు ఈ తలనొప్పి."

వెళ్ళిపోయాను. చొక్కా నిండా సున్నమేమిటండీ అని మా ఆవిడ అడిగితే, మెట్ల గోడ రాసుకుందన్నాను.

మర్నాడు రిజిస్టర్ నా ఆఫీసుకి వచ్చింది. చివరి పేజీలో ముందురోజు తేదీ. కింద గుమాస్తా గుండ్రటి చేతిరాత: "భారీ వర్షం (ఎంత భారీయో ఇక్కడ రాయాలి) కారణంగా పని పూర్తిగా ఆగినది. సైట్‌లో కూలీలు లేరు." భక్తిగా బ్రాకెట్టుతో సహా దింపాడు. అరవేలు మేస్త్రి ఎక్కడ చనిపోయాడయ్యా అంటే, బైపాస్ రోడ్డు మీద లారీ గుద్దిందట. ఆ మేరకు ఒక సాక్షి కూడా తయారయ్యాడు.

ఆ వాక్యం నాది. మనిషిని చంపింది జాకీలే. ఆ మనిషి అసలు అక్కడ లేడని చెప్పింది మాత్రం నేను.

కూలీల ఫిర్యాదు మీద ఇవాళ విచారణ. సైట్‌లోనే, రేకుల షెడ్డులో, ప్లైవుడ్ బల్ల వెనక విచారణాధికారి గారు. ఆయన పక్కన కాంట్రాక్టర్, ఇంజనీరు, నేను. నేను కొంచెం ముందు వెళ్ళాను. గేటు దగ్గర నూటయాభై మంది గుమిగూడి ఉన్నారు. నేనెవరో గుర్తుపట్టక వాదులాడుకుంటున్నారు.

"రేపు ఆ స్లాబే మళ్ళీ పోస్తారంట," అన్నాడొక తాపీ మేస్త్రి. "అవే జాకీలు. ఇంకో నాలుగు ఎక్కువ పెడతారంట, మనకి మర్యాదగా."

"వెళ్ళకపోతే వేరేవాళ్ళని తెస్తారు బాబాయ్."

"తేనీ. ఆ వచ్చినోళ్ళు మాత్రం ఇనప మనుషులా?"

"విచారణలో చెబుదాం. ఆఫీసరు మంచోడంట."

"మంచోడే. కాగితం ఉందా అంటాడు. ఉందా నీ దగ్గర?"

అప్పుడు ఒకావిడ ముందుకొచ్చింది. నలభై దాటి ఉంటాయి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చేతులు మోచేతుల దాకా బూడిద రంగులో ఉన్నాయి. అరవేలు మేస్త్రికి సొంత అక్క. సైట్‌లో పేరు క్యూబులక్క.

ఎందుకా పేరంటే, స్లాబైనా స్తంభమైనా పోసిన ప్రతిసారీ అదే కాంక్రీటుతో జానెడు కూడా లేని చదరపు దిమ్మలు కొన్ని పోస్తారు. అవే క్యూబులు. గట్టిపడ్డాక యంత్రంలో పెట్టి నలిపితే పోసింది ఎంత గట్టిదో తెలుస్తుంది. ఆ దిమ్మలు పోసి, నీళ్ళతొట్టిలో ఉంచడం ఈవిడ పని. ఈ సైట్‌లో నలిపే యంత్రం పాడై ఏడాదిన్నర. రిపోర్టులు మాత్రం వేళకి వచ్చేస్తాయి. క్యూబులు తొట్టి నిండి, తొట్టి పక్కన గోడలా పేరుకుపోయాయి.

"వాళ్ళకి కాగితం ఉంది," అంది ఆవిడ. "మనకి రాయి ఉంది."

"రాయితో ఏం చేస్తావక్కా, కొడతావా?"

"నెత్తి మీద పెట్టుకుని నడుస్తా. నువ్వూ పెట్టుకో. అందరం పెట్టుకుందాం. మోతలు కొత్తా మనకి?"

షెడ్డులో విచారణ మొదలైంది. అధికారి గారు నిజంగానే మంచివారు, ఎవరితోనూ తగువు పెట్టుకోరు. "ఆ రోజు మీ తమ్ముడు పనిలో ఉన్నట్టు ఆధారముందా అమ్మా?" అని అడిగారు.

"మేమందరం చూశాం సార్."

"చూడ్డం వేరు. రికార్డు వేరు. లాయర్ గారూ, రిజిస్టర్ చదవండి."

"చివరి పేజీ చదివితే చాలు కదండీ?" అన్నాను.

"మొత్తం చదివించండి సార్," అంది క్యూబులక్క. "మేం ఎన్ని రోజులు లేమో మాకూ తెలియాలిగా."

అధికారి గారు గడియారం చూసుకుని సరే అన్నారు. మొదటి వాన రోజు తేదీ చదివాను. కిందటేడు వేసవి. "భారీ వర్షం కారణంగా పని పూర్తిగా ఆగినది. సైట్‌లో కూలీలు లేరు."

"ఉన్నాం," అని వినబడింది గుమ్మం దగ్గర్నుంచి.

బయట తలా ఒక తేదీ క్యూబు మోస్తూ నిలబడ్డవాళ్ళలోంచి ఒక ఇనుప పనివాడు లోపలికొచ్చి నెత్తి మీది క్యూబును బల్ల మీద పెట్టాడు. దాని మీద మేకుతో గీసిన తేదీ ఉంది. నేను చదివిన తేదీయే. తేదీ కింద రెండు వేలిముద్రలు, పచ్చి కాంక్రీటులో నొక్కి ఆరినవి. ఒకటి నిండు బొటనవేలు. రెండోది సగం.

"ఈ నిండు వేలు నాది," అంది క్యూబులక్క. "సంతకం పెట్టడానికి ఇంజనీరు సార్ కిందకి దిగేవారు కాదు. ఎవరో ఒకరు సాక్ష్యం ఉండాలని నేను వేసేదాన్ని. కింద జాకీలు బిగించినోడు కూడా వెయ్యాలని తమ్ముడి చేత వేయించేదాన్ని. రేపేదన్నా అయితే నీ వేలే చెబుతుందిరా అని నవ్వేదాన్ని."

అధికారి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తర్వాతది చదవండి."

రెండో తేదీ చదివాను. "సైట్‌లో కూలీలు లేరు."

"ఉన్నాం." ధబ్.

మూడోది. "కూలీలు లేరు."

"ఉన్నాం." ధబ్.

పదో తేదీకి కాంట్రాక్టర్ గారు నా కాలు తొక్కుతున్నారు. పదిహేనోదానికి బల్ల మధ్యలో దిగబడింది. ఇరవయ్యోదానికి విరిగింది. తర్వాతి క్యూబులు నేల మీద పేర్చారు. నా సొంత వాక్యాన్ని అన్నిసార్లు గట్టిగా చదవడం నాకదే మొదటిసారి. చదివిన ప్రతిసారీ ఒక మనిషి లోపలికొస్తున్నాడు. తట్టలు మోసేవాళ్ళు, తాపీవాళ్ళు, మసిబట్టల్లో వెల్డర్, రాళ్ళు జల్లించే ముసలావిడ. నేను లేరన్నవాళ్ళందరూ నా చుట్టూ నిలబడ్డారు. షెడ్డులో ఊపిరి ఆడటం లేదు.

నలభయ్యోది అయ్యేసరికి గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగింది. ఎస్సై గుమ్మం బయటే ఆగి కాంట్రాక్టర్ గారి వైపు చూశాడు. "సైట్ ఆస్తి దొంగతనం, కంప్లయింటు వచ్చింది. క్యూబులక్క ఎవరు?"

నలభై ఒకటో క్యూబు ఆవిడ చేతిలోనే ఉంది. ఎస్సై గుమ్మం దాటి రావడానికి పట్టిన కాసేపట్లో ఆవిడ నా పక్కకొచ్చి, తెరిచి ఉన్న నా సంచిలో, కాంట్రాక్టర్ గారి వకాలత్ మీద దాన్ని పెట్టేసింది.

"లాయరుబాబూ," అంది చిన్నగా. "ఆ రోజు నెత్తిన చేతిరుమాలు వేసుకున్నారు మీరు. వానకి వేసుకున్నారా?"

నేను సంచి మూసేశాను. లాయర్ని కదా.

"ఆవిణ్ణొక్కదాన్నే తీసుకెళ్తారేంటి?" అన్నాడు తాపీ మేస్త్రి. "మోసింది మేం కూడా. మేమూ దొంగలమే, రాసుకోండి."

"అవును సార్, నేనో దొంగని," అంది రాళ్ళు జల్లించే ముసలావిడ. "నాకు కొంచెం ముందు సీటు ఇప్పించండి, మోకాళ్ళ నొప్పులు."

తొట్టి పక్కన గోడలో ఇంకా క్యూబులున్నాయి. నూటయాభై మంది తలా ఒకటి ఎత్తుకుని వ్యాన్ ఎక్కడానికి వరస కట్టారు. పాతికమంది ఎక్కేసరికి వెనక టైర్లు అణిగి నేలకి అంటుకుపోయాయి. డ్రైవర్ దిగి టైరు వైపు, ఎస్సై వైపు చూశాడు. చివరికి క్యూబులక్కను మధ్యలో పెట్టుకుని అందరూ స్టేషన్‌కి నడిచారు. మర్నాటి స్లాబ్ కోసం తెచ్చిన సిమెంటు లారీ దింపేవాళ్ళు లేక గేటు ముందు నిలబడిపోయింది. దాని డ్రైవర్ కాసేపు హారన్ కొట్టి, తాళం చెవి జేబులో వేసుకుని వాళ్ళ వెనకాలే వెళ్ళాడు.

మా బాల్కనీ నుంచి స్టేషన్ కనిపిస్తుంది. రోడ్డు మీద వరసగా కూర్చున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో క్యూబు మీద. ఇంకా లేవలేదు.

షెడ్డులో పేర్చిన నలభై క్యూబులూ స్టేషన్‌లో జప్తయ్యాయి. అక్కడ అవి ఎన్నాళ్ళు క్యూబులుగా ఉంటాయో, ఎప్పుడు పొడి అవుతాయో నాకు తెలుసు. పందొమ్మిది రోజుల నాటి తేదీ ఉన్నది మాత్రం నా దగ్గరే ఉంది. సగం బొటనవేలు ముద్ర స్పష్టంగా ఉంది. స్లాబ్ కూలడానికి గంట ముందు వేసింది.

కాంట్రాక్టర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి బతిమాలారు. "మీరు మా లాయరండీ, మా వస్తువు మాకివ్వడం మీ ధర్మం." రెండోసారి ధర్మం ఊసెత్తలేదు. పొద్దున్న తొమ్మిదికి మనిషి వస్తాడట.

మా ఆవిడ బల్ల మీది దాన్ని చాలాసేపు చూసింది. సగం ముద్రలో తన వేలు పెట్టి చూసింది. "ఆ రోజు చొక్కాకి అంటింది మెట్ల గోడ సున్నం కాదన్నమాట," అంది. "ఇన్నేళ్ళూ మీలాంటివాళ్ళ వల్లే వానలు పడుతున్నాయనుకున్నాను," అని వంటింట్లోకి వెళ్ళింది.

పాఠకులారా, రేపు పదిన్నరకి క్యూబులక్కను మేజిస్ట్రేటు ముందు పెడతారు. నేను వెళ్తున్నాను. తొమ్మిదికి మనిషి వస్తాడు కాబట్టి ఎనిమిదికే బయల్దేరతాను. వెళ్ళాలా వద్దా అని మిమ్మల్ని అడగడం లేదు. క్లయింటుకు ఎదురు తిరిగినందుకు నా నల్లకోటు ఊడుతుందని తెలుసు, అదీ అడగడం లేదు. సాక్షి బోనెక్కి, ఆ రోజు ఎండగా ఉంది, నేను చూశాను, ఆ వాక్యం రాసింది నేనే అని చెప్పాలి. అదంతా బట్టీ పట్టాను.

తెలియనివి రెండున్నాయి. దయచేసి ఎవరైనా చెప్పండి. ఎనిమిది కిలోల దిమ్మతో తొంభై ఆరు మెట్లు మోకాళ్ళు వణక్కుండా దిగడం ఎలా? మా గ్రూపులో అడిగాను, ముప్పై ఒక్క దణ్ణాలు వచ్చాయి.

రెండోది వ్యాకరణం. ఆ రోజు సైట్‌లో ఎవరున్నారు అని మేజిస్ట్రేటు గారు అడుగుతారు. బోనులో నిలబడేది నేనొక్కణ్ణే. ఐదేళ్లుగా వాళ్ళు లేరని రాయించిన వాణ్ణి. అయినా నాకు నోటిదాకా వస్తున్న మాట "ఉన్నాం" అనే. ఒక్కడు ఆ మాట అనొచ్చా? నాలాంటివాడు అనొచ్చా? తెలిసినవాళ్ళు ఎనిమిదిలోపు చెప్పండి, మీకు పుణ్యముంటుంది.