వేడి చేసే సున్నుండ

పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులున్న జగన్నాథరావు, మేత కోసమని కీచురాళ్ళ పెంపకం మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే దేశానికి బలం తెచ్చే మహానుభావుడైపోయాడు. ఎండబెట్టిన కీచురాళ్ళను పిండి కొట్టించి, మినప్పిండీ బెల్లం నెయ్యీ కలిపి సున్నుండలు చుట్టించాడు. డబ్బా మీద బంగారు రంగులో 'నవ్య ప్రొటీన్' అని వేయించాడు. కీచురాయి అన్న మాట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

కొత్త తిండి ఎవరికైనా హాని చేస్తుందేమో చూసి చెప్పడానికి రాజమండ్రి నుంచి ఇంద్రజ వచ్చింది. ల్యాబ్‌లో పరీక్షలు చేయించి, మొహమాటం లేకుండా చెప్పేసింది.

"కీచురాయి ప్రొటీనూ రొయ్య ప్రొటీనూ దగ్గర చుట్టాలండి. రొయ్య ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఇది ప్రాణం మీదకి రావచ్చు. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేయండి. ముందు మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే దీన్ని ముట్టనివ్వకండి."

జగన్నాథరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రొయ్య పడనివాళ్ళు మా పాలకొల్లులోనా? భలేదానివమ్మా! అలాంటివాడికి పిల్లనెవరిస్తారు?"

అయినా సైన్సు మీద గౌరవం కొద్దీ, ఆ మధ్యాహ్నం భోజనం చేస్తూ భార్యని విచారించాడు. ముద్దకీ ముద్దకీ మధ్య విచారణ ముగిసింది.

"ఏమోయ్, నీకు ఎలర్జీలేమైనా ఉన్నాయా?"

"నాకెందుకుంటాయండీ అలాంటివి?" అంది రత్నమాణిక్యం, ఆయన కంచంలో రొయ్యల ఇగురు వడ్డిస్తూ. "రొయ్య తింటే మాత్రం వేడి చేస్తుందండి. పెదాలు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, గొంతు పట్టేస్తుంది. అందుకే తిననుగా."

"వేడికేముంది, మజ్జిగ తాగు" అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు. వేడి వేరు, ఎలర్జీ వేరు. మొదటిది మనది, రెండోది ఇంగ్లీషుది. అంతమాత్రం తేడా తెలియనివాడా! ఇంద్రజ చెప్పిన చుట్టరికం సంగతి భార్యకి చెప్పాలని కూడా తోచలేదు. "మా ఇంట్లో ఎవరికీ ఏ ఎలర్జీలూ లేవండి" అని ఇంద్రజకి ఫోన్ చేసేశాడు.

ప్రారంభోత్సవం రోజున షెడ్డు ముందు షామియానా వేశారు. ఇంద్రజనీ పిలిచారు. "ఇంటి ఇల్లాలే మొదటి ఉండ తినాలి!" అని బావమరిది సత్తిరాజు మైకులో అరిచాడు. రత్నమాణిక్యం భర్త కేసి చూసింది. ఆయన కానివ్వమని తలూపాడు. సగం ఉండ తిందో లేదో మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. పెదాలు ఉబ్బిపోయాయి. ఊపిరందక కుర్చీలోంచి జారిపోయింది.

"మజ్జిగ! మజ్జిగ తెండర్రా!" అని జగన్నాథరావు కేకలేశాడు.

"మజ్జిగ కాదండీ బాబూ, కారు తీయండి!" అంటూ ఇంద్రజ జనాన్ని తోసుకుని వచ్చింది.

ఆస్పత్రిలో ఇంజెక్షన్లిచ్చి ఆక్సిజన్ పెట్టాక, సాయంత్రానికి రత్నమాణిక్యం తేరుకుంది. దేశానికి బలం తేబోయిన మనిషి మంచం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పోతే తన గతేంటన్న భయం ఇంకా వదల్లేదు. అంత భయంలోనూ తప్పు తనది కాకుండా చూసుకున్నాడు.

"అంత ప్రమాదమని గట్టిగా చెప్పొచ్చుగా, మాణిక్యం?"



"పెళ్ళైన కొత్తలో అత్తయ్యగారు బలవంతాన రెండు రొయ్యలు పెడితే, ఊపిరాడక వసారాలో పడిపోయానండి. మీరు నలుగురిలో నవ్వారు. 'పుట్టింట్లో ఎప్పుడైనా చూస్తే కదా, ఒంటికి పట్టడానికి' అన్నారు. మళ్ళీ గట్టిగా చెప్పుకునే ధైర్యం నాకు రాలేదు."

జగన్నాథరావుకి ఆ మాట అన్నట్టు గుర్తే లేదు.