మగపురుగు జారిపోయిన పూట

పీత పెంకు ఒక పక్క బుగ్గలా ఉబ్బి ఉందంటే లోపల చుట్టం దిగినట్టే. ఆ ప్రయోగశాలలో పీతలు కోసే ఆవిడ చూడగానే పట్టేస్తుంది. కడిగిన ప్రతి చుక్కనీ జల్లెడ మీదుగానే పోనిస్తుంది కాబట్టి అందరూ ఆవిడని జల్లెడక్క అంటారు. పెంకు ఎత్తితే మొప్పల దగ్గర గోరంత ఆడపురుగు సిగ్గూ ఎగ్గూ లేకుండా నెత్తురు తాగుతూ కూర్చుని ఉంటుంది. పిచ్చి పీత దాన్ని మోసి మోసి, చివరికి తన పిల్లల్ని కనడమే మానేస్తుంది. ఆ ఆడపురుగు పొట్ట కింద నువ్వుగింజంత మగపురుగు ఉంటుంది. ఒకసారి చేరిందంటే మరి చచ్చేదాకా అక్కడే.

మొదటిసారి దాన్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు జల్లెడక్క "మొగుడంటే వీడండీ!" అని పగలబడి నవ్వింది. ల్యాబు మేడమ్ నవ్వబోయి ఆగిపోయింది. జల్లెడక్క మొగుడు ఓడలో వంటవాడు. ఏడాదికోసారి వస్తాడు, పెట్టెలో బట్టలు పూర్తిగా తియ్యకముందే మళ్ళీ సర్దుకుంటాడు.

నిన్న అతను ఫోన్ చేశాడు. "ఇంకో ఏడాది ఉండమంటున్నారు. ఏం చెప్పమంటావ్?"

వచ్చెయ్యండి అనే మాట నోటిదాకా వచ్చింది. అయినా అడిగించుకోవాలా? ఆ మాత్రం ఆయనకి తెలీదా? "మీ ఇష్టం," అంది. ప్రతి ఏడూ ఇదే మాట. ఈ రోషమే తన కొంప ముంచుతోందని ఆవిడకీ తెలుసు, తెలిసి ఏం లాభం?

ఇవాళ మనసు మనసులో లేదు. పీతని పళ్ళెంలో పెట్టి, కింద జల్లెడ ఉంచి కడగాలి. ఆవిడ జల్లెడ మరిచి, తిన్నగా ఉప్పునీళ్ళ కుళాయి కింద పెట్టేసింది. తీరా చూస్తే ఆడపురుగు ఉంది, మగపురుగు లేదు.

"పోనీలే అక్కా, ఒంటరిదని రాసేద్దాం," అంది మేడమ్.

"అది ఒంటరిదేం కాదు మేడమ్. నేను చేశాను దాన్ని ఒంటరిదాన్ని."

చీర కుచ్చిళ్ళు ఎగదోపి సింకు కింద దూరింది. గొట్టం విప్పి, వంపులో నిలిచిన నీళ్ళని గిన్నెలోకి పట్టింది. కొంచెం కొంచెంగా జల్లెడలో పోసుకుంటూ నడుం పట్టేసేదాకా వెతికింది. చివరికి జల్లెడ గళ్ళలో నువ్వుగింజ ఒకటి కదిలింది. బతికే ఉన్నాడు! ఎందుకో ఏడుపొచ్చేసింది ఆవిడకి.

చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"ఏమండీ, వచ్చెయ్యండి."

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది. మీరు లేకపోతేనే బాలేదు. ఎప్పుడూ బాలేదు."

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "పొద్దున్నే సంతకం పెట్టేశానే. నిన్న ఈ ముక్క అనుంటే పెట్టేవాణ్ణా? నేను లేకపోతేనే నీకు హాయి అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ."

"అన్నం తిన్నారా?" అని అడిగింది. వంటవాణ్ణి పట్టుకుని అడిగే మాటేనా అది? అతను తిన్నానన్నాడు. అవతల మళ్ళీ గిన్నెల చప్పుడు మొదలయ్యాకే ఆవిడ ఫోన్ పెట్టింది.

లోపలికి వచ్చేసరికి మేడమ్ పురుగుల్ని నిలవ ఉంచే స్పిరిట్ సీసా మూత తీసి పట్టుకుని ఉంది. ఉప్పునీళ్ళ గిన్నెలో ఆడపురుగు ఒక అంచున పడి ఉంది. రెండో అంచు నుంచి మగపురుగు, ఉన్న కాళ్ళన్నీ ఆడిస్తూ, దానివైపే పాకుతోంది.

"ఇంక సీసాలో వేసెయ్ అక్కా, టైమైపోతోంది."

"కాసేపు ఆగండి మేడమ్," అంది జల్లెడక్క, గిన్నె మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "వాణ్ణి చేరనివ్వండి."