రెండు పాదాల దూరం

వార్మప్ మైదానంలో అక్క తొడ వెనక కండరం నొక్కుకుంటూ కూర్చుంది. దేశం తరఫున ఆమెకిదే ఆఖరి పోటీ. చెల్లెలికి మొదటిది. రిలేలో మూడో పరుగు అక్కది, నాలుగోది చెల్లెలిది.

“పిచ్చుకా, టేపు రెండు పాదాలు ఇవతలికి జరుపు,” అంది అక్క. జట్టులో అందరూ చెల్లెల్ని పిలిచేది అలాగే.

“నొప్పిగా ఉందా?”

“బిగుసుకుంది, అంతే. నువ్వు డాక్టరమ్మవి కాకు. జరుపు, చాలు.”

“సరేలే.”

రిలేలో బ్యాటన్ అందుకునే మనిషి తను నిలబడే చోటికి వెనక, పాదం వెంట పాదం పెట్టి కొలిచి, లేన్లో ఒక టేపు ముక్క అతికిస్తుంది. వచ్చే మనిషి దాని మీద అడుగు వేయగానే ఈమె పరుగు అందుకోవాలి. ఇక వెనక్కి తిరగకూడదు. వచ్చేది జోరు మీద వస్తుందనుకుంటే టేపు దూరంగా ఉంటుంది, నెమ్మదిస్తుందనుకుంటే దగ్గరగా. ఎవరి కాళ్ల మీద ఎవరికెంత నమ్మకమో టేపు చూస్తే తెలిసిపోతుంది.

కోచ్ గ్యాలరీలోంచి బైనాక్యులర్స్‌తో ముందు చూసేది దాన్నే. ఇది హీట్స్, ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే పరుగు. ఫైనల్ సాయంత్రం. టేపు జరిగినట్టు ఆయన కంటపడితే ఫైనల్లో అక్క బదులు రిజర్వ్ అమ్మాయి దిగుతుందని పిచ్చుక భయం. ఆ అమ్మాయి పొద్దుటి నుంచీ స్పైకుల బూట్లు కట్టుకునే ఉంది.

లేన్లోకి వెళ్లాక పిచ్చుక టేపును పాత చోటే అతికించింది. అక్క దాని మీదికి వచ్చాక ఒక్క క్షణం ఆగి కదిలితే సరిపోతుందనుకుంది. కోచ్‌కి తెలియదు, అక్కకి ఫైనల్ పోదు.

అక్క మలుపు తిరిగి వచ్చింది. అడుగు టేపు మీద పడింది. ఆ అడుగు చూడగానే కదలమని ఏడాదిగా కాళ్లకు నేర్పింది పిచ్చుకే. అవి నేర్చుకున్న ప్రకారం కదిలాయి. ఆగాలన్న సంగతి ఆమెకు పరుగులో పడ్డాక గుర్తొచ్చింది.

“ఆగవే,” అన్న మాట వెనక నుంచి వినిపించింది. ఆగింది. బ్యాటన్ చేతికొచ్చింది గానీ, ఏ గీత లోపల అది చేతులు మారాలో ఆ గీతను అప్పటికే ఇద్దరూ దాటేశారు. గీత దగ్గర అధికారి జెండా ఎత్తాడు. జట్టు పోటీలోంచి పోయింది.

ఎవరి టేపు వాళ్లే పీకేయాలి. పిచ్చుక వెనక్కొచ్చి వంగేసరికి అక్క కుంటుతూ వచ్చి, టేపు నుంచి చెల్లెలు నిలబడ్డ చోటి దాకా పాదం వెంట పాదం వేసి కొలిచింది.

“పాత చోటే ఉందే.”

“కోచ్ చూస్తాడని. సాయంత్రం నిన్ను పక్కన పెడతాడని…”

అక్క ట్రాక్ మీదే కూర్చుండిపోయింది. “కాలి సంగతి ఆయనకి పొద్దున్నే చెప్పానే. అయినా పరిగెత్తుతానన్నాను. సరే, చెల్లెలికి చెప్పి టేపు జరిపించుకో అన్నాడు.”

లోపలికి వెళ్లే దారిలో కోచ్ ఎదురయ్యాడు. “టేపు జరగలేదు. కాలు సర్దుకుందేమో అనుకున్నాను,” అని అక్కతో అన్నాడు. పిచ్చుక వైపు చూడలేదు.

బస్సులో అక్క, “అమ్మ ఫోన్ చేస్తే ఎదురుగాలి అని చెప్పు. మనమ్మకి గాలంటే కోపం, నమ్ముతుంది,” అంది. పిచ్చుక నవ్వలేకపోయింది.

ఆ తర్వాత పిచ్చుక వంద మీటర్లలో పతకాలు తెచ్చింది. రిలేకి మాత్రం పిలిచినా వెళ్లలేదు. పొగరెక్కిందన్నారు. ఎందుకని పత్రికలవాళ్లు అడిగితే మాట మార్చేది. అక్క ఒక బడిలో ఆటల టీచరుగా చేరింది. ఆనాటి మాట మళ్లీ ఎత్తలేదు. ప్రతి పోటీకి ముందూ ఫోన్ మాత్రం చేసేది.

“తిన్నావా?”

“ఆ.”

“కాళ్లెలా ఉన్నాయి?”

“బాగానే ఉన్నాయి.”

“మరింకేం. హాయిగా పరిగెత్తు. నీ వెనక ఎవరూ రారుగా.”

అక్క మామూలుగానే అనేది. పిచ్చుక ఊ కొట్టి, ఫోన్ పెట్టేసి, స్పైకులు కట్టుకునేది.