పన్నెండు రోజుల సప్పుడు

ప్రహ్లాద్ ఇంటి తాళాన్ని మూడోసారి గుంజి చూశాడు. అశోక్‌నగర్‌లో ఒక ప్రైవేటు రీడింగ్ హాలు తలుపులను ఇరవై ఏడేళ్లు తెరిచి మూసిన చెయ్యి అది. ఒక్కసారి గుంజితే దానికి నమ్మకం కుదరదు. గల్లీ చివర శ్రీశైలం నడిచిపోయే గుంపు శివనామం అందుకుంది.

"పొద్దుగాల్నే ఏం లొల్లిరా," అని గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

వెనక విద్యావతి గుడ్డసంచి భుజానికి తగిలించుకుని చప్పుడు లేకుండా దిగింది. ఆమె ఏదైనా చప్పుడు లేకుండానే చేస్తుంది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో అలా అలవాటు చేసింది ఆయనే.

హాల్లో ఆయన పని పెద్దదేం కాదు. తాళాలు, ఫ్యాన్లు, హాజరు పుస్తకం. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు గుసగుసలాడితే వెనకనుంచి వెళ్లి తాళంచెవితో బల్ల మీద టక్కున కొట్టేవాడు. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఆ బలుపు ఇంటికీ వచ్చేది. గిన్నె జారినా, పక్కింటామెతో విద్యావతి నవ్వినా ఒకటే మాట: "సప్పుడు చెయ్యకు." కూతురు అనూహ్య పెళ్లై వరంగల్ వెళ్లాక ఆ మాట పడేది ఆమె ఒక్కతే.

చిక్కడపల్లి దాటకముందే ఆయన కుడిమోకాలు సలపరం పెట్టింది. ఈ నడక ఆయన కోరింది కాదు. కరోనా రెండో ఏడు పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డాడు. విద్యావతి మల్లన్నకు మొక్కుకుందని, అందుకే మనిషి దక్కాడని వాడకట్టంతా అనుకుంది. సెలవు లేదని, కాళ్లు నొప్పులని ఆయన ఏటా దాటేశాడు. ఈసారి హాలు మూతపడింది, సాకూ అయిపోయింది. ఆమె ఒక్కతే పోతే నలుగురూ తననే అంటారు. అందుకు బయల్దేరాడు.

నారాయణగూడలో పుస్తకాల కొట్టు షట్టరు ఎత్తుతున్న బుచ్చిబాబు ఎదురొచ్చాడు. ఆయనది కాకినాడ వైపు. హాలుకు దినపత్రికలు వేసేవాడు.

"అదృష్టవంతులండీ ప్రహ్లాద్ గారూ! పసుపుకుంకుమ కోసం ఇంత దూరం నడిచే ఆడవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ?"

ప్రహ్లాద్ తనకు రావలసిందేదో అందుకున్నట్టు తలూపాడు. విద్యావతి రోడ్డుకేసి చూస్తూ నిలబడింది.

"నడువు మరి! గుడ్లప్పగించి చూసుడేంది?" అన్నాడు ఆయన.

కోఠి వెనకబడింది. చార్మినార్, ఫలక్‌నుమా దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. లారీల పొగ, తారు వేడి, బూర ఊదే స్వాములు, ఆగి దండం పెట్టి దారికి అడ్డం నిలబడే జనం. అందరి మీదా ఆయనకు మంటగానే ఉంది. చాంద్రాయణగుట్ట దగ్గర గుంపులో ఒక గొంతు పైకి లేచింది. సన్నగా, కొంచెం జీరగా ఉంది, శ్రుతి తప్పడం లేదు. ఎవరా అని వెనక్కి తిరిగాడు. విద్యావతి.

దబదబా వెనక్కి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏందే ఆ ఒర్లుడు? సప్పుడు చెయ్యకు. మంది చూస్తున్నరు."

ఆమె ఆగింది. గుంపును నడిపిస్తున్న అంబిక, చిక్కడపల్లిలో జాకెట్లు కుట్టే మనిషి, నవ్వింది. "పాడనియ్యి అన్నా. అక్క గొంతు ఎంత మంచిగున్నది! ఇన్నేండ్లు యాడ దాచిపెట్టినవ్?"

ప్రహ్లాద్ పక్కకు తుపుక్కున ఉమ్మాడు. వంద అడుగులు పోకముందే ఆ గొంతు మళ్లీ వినిపించింది.

మధ్యాహ్నం మూడింటికి పహాడీషరీఫ్ అవతల అన్నదానం టెంటులో కూలబడ్డారు. ఆయన మోకాలు కుండలా వాచింది. పులిహోర విస్తరి పక్కకు నెట్టేశాడు.

"నీ మొక్కు జెయ్యబట్టి నా కాలు పాయె. నేను బతకాలని మొక్కుకున్నవా, ఇట్ల రోడ్డు మీద సావాలని మొక్కుకున్నవా?"

విద్యావతి తన విస్తరి మడిచింది. చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. పెళ్లైన నాటినుంచి ఆయనను 'మీరు' అనే పిలిచిన మనిషి.

"నువ్వు తిరిగి రావద్దని మొక్కుకున్న," అంది.

ఆయనకు ముందు అర్థం కాలేదు.

"నువ్వు దవాఖానల పన్నెండు రోజులున్నవు. ఆ పన్నెండు రోజులు ఇంట్ల రేడియో పెట్టిన. గిన్నెలు దబదబ ఏసిన. పాడుకుంట వండుకున్న. నాకు గొంతున్నదన్న సంగతే అప్పటిదాంక యాది మర్సిన. గప్పుడు మొక్కుకున్న, ఇది ఇట్లనే ఉండనియ్యి మల్లన్నా, నడిచొస్తనని."

"మరి నేను బతికిన కదనే." అన్నాడు ఆయన.

"బతికినవు. దేవుడు నా మొక్కు వినలే. మనిషి సావు కోరుకున్న పాపం నాది. అయిదేండ్లసంది నిద్ర పడుతలేదు. మాఫీ అడగనీకి పోతున్న. నిన్ను నేను రమ్మనలే. నలుగురి కోసం నువ్వొచ్చినవు."

ఆయన చెయ్యి దానంతటదే లేచింది. కొట్టడానికో, ఆపడానికో ఆయనకే తెలియదు. మళ్లీ ఒళ్లో పడింది. దవాఖాన నుంచి ఆటోలో దిగిన రోజు గుర్తొచ్చింది. తలుపు తీసిన విద్యావతి ఆయనను చూసి గడప మీదే కూలబడి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నాడు, హాల్లో పిల్లలక్కూడా.

బయట బూర ఊదారు. "అక్కా, పోదమా?" అంబిక పిలిచింది.

విద్యావతి లేచి చీర దులుపుకుంది. "నీతోని కాదు. బస్సెక్కి ఇంటికి పో. నేను ఇంటికి రాను. గుడి కాడికెల్లి అనూహ్య దగ్గరికి పోత. బిడ్డకు చెప్పిన," అంది. ఆ మాటల్లో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆమె సంచిలోంచి ఏదో తీసి ఆయన పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా గుంపులో కలిసింది. కాషాయాల మధ్య ఆమె ఆకుపచ్చ చీర కాసేపు కనిపించింది. తరువాత మూలమలుపు వచ్చింది.

ప్రహ్లాద్ చాప మీదికి చూశాడు. తన బీపీ మాత్రల ప్లాస్టిక్ డబ్బా. ఏడు గదులూ నిండుగా ఉన్నాయి, ఒక్కో మూత మీదా వారం పేరు విద్యావతి గుండ్రటి అక్షరాల్లో, చెమటకు చెరగకుండా పైన టేపు అతికించి ఉంది.