వేరు పోయిన దారి

పుట్టపర్తిలో ఒక లాడ్జీలో గదులు చూసుకునే అరుణజ్యోతికి, యాత్రికులు మరిచిపోయిన పుస్తకాలు పారేయడానికి మనసొప్పదు. వాటిని మూటగట్టి పల్లెలో ఉన్న అక్క సునందకు బస్సులో పంపుతుంది. సునంద ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టింది. పెళ్ళయి ఈ మెట్టపొలాల ఊరికి వచ్చినా చదువు పిచ్చి వదల్లేదు. మధ్యాహ్నం పూట వసారాలో ఆడవాళ్ళు చెనిక్కాయలు ఒలుస్తుంటే ఆమె పైకి చదువుతుంది. వాళ్ళు చేతులాపకుండా వింటారు.

ఆ ఏడు వచ్చిన మూటలో చెట్ల గురించిన పుస్తకం ఒకటుంది. వేప కరువుకు ఎందుకు లొంగదో, ఎండాకాలంలో మాను ఆకును ఎందుకు రాల్చుకుంటుందో అందులో రాసి ఉంది. "మన చెట్ల సంగతి మనకే చెప్తాండాడు సూడు," అని సునంద అత్త ఆంజినమ్మ నవ్వేది. నవ్వుతూనే, ఆపితే ఊరుకునేది కాదు.

అప్పుడే వానలు పట్టుకున్నాయి. ఏళ్ళ తరబడి బీటలు వారి, పశువులు మేసిన చెరువు నిండి, మిగులు నీళ్ళు పోయే మరవ పారింది. ముసలివాళ్ళు కట్ట మీద కూర్చుని నీళ్ళను చూస్తూ అన్నం మాట మరిచిపోయారు. సునంద భర్త ఓబిలేష్ కట్ట కింద మడిలో వరి నారు పోశాడు. ఆ ఊళ్ళో వరి నారు చూడని పిల్లలు బడి ఎగ్గొట్టి చూడ్డానికి వచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వేళ్ళ గురించిన భాగం వచ్చింది.

"చెట్టును నరికినా వేరు భూమిలోనే ఉంటుంది. కొన్నేళ్ళకు కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది. వేరు పోయినా వేరు పోయిన దారి పోదు. ఆ లావున, ఆ పొడవున బొక్కగా మిగులుతుంది. వాననీరు ఆ దారినే లోపలికి దిగుతుంది. నేలకు చెట్టు చేసే చివరి మేలు అదే."

సునంద చదవడం ఆపింది. కట్ట మీద బండ్లు తిరిగే దారి కావాలని పంచాయతీ వాళ్ళు అక్కడి చింతమాన్లను వేలం వేసి కొట్టించడం ఆమెకు గుర్తొచ్చింది. చెనిక్కాయలు ఒలిచే చేతులు కూడా ఒకటొకటిగా ఆగాయి.

"పుస్తకం మూయి," అంది ఆంజినమ్మ. "చెరువు నిండిన పొద్దు అట్లాంటి మాటలు చదవగూడదు."

అన్నం పెడుతూ భర్తను అడిగింది సునంద. "ఆ చింతమాన్లు కొట్టి ఎన్నేండ్లాయ?"

"మన పాప నడక నేర్చిన ఏడు. పదేండ్లాయ. ఎందుకు?"

ఆమె చెప్పింది. ఓబిలేష్ ముద్దను కంచంలో పెట్టేశాడు. "నిండాలని కనపడిన దేవునికంతా మొక్కినాం. నిండినాక తెగుతాదంటావా? ఈ మాట ఇంట్లోనే ఉండనీ."

మాట ఇంట్లో ఉంది గానీ ఆమె ఉండలేకపోయింది. మరునాడు కట్ట మీదికి పోయింది. మొదళ్ళ మీద కంకర పోసి దారి వేశారు. దారి అంచున ఒక మొదలున్న చోట నేల గుంత పడి ఉంది. చేతిలోని కందికట్టెను అందులోకి దించింది. కట్టె మొత్తం పోయింది, అడుగు తగల్లేదు.

చెరువు నీళ్ళను పొలాలకు పంచే నీరుగంటి తిప్పన్న అటుగా వస్తూ చూశాడు. "ఎలకబొక్క లేమ్మా," అన్నాడు. ఆమె పక్కకు జరిగింది. ఆయన తన చేతికర్రను దించాడు. అదీ పోయింది.

ఇద్దరూ సర్పంచి జయచంద్రను పిలుచుకొచ్చారు. ఆయన గుంతను చూశాడు, భయపడ్డాడు, ఎవరికెవరికో ఫోన్లు చేశాడు. జిల్లాలో ప్రతి చెరువూ నిండి ఉంది. వచ్చే తీరిక ఎవరికీ లేదు.

"తూమెత్తి రవ్వన్ని నీళ్ళు వదుల్దాం," అన్నాడు తిప్పన్న.

"ఇన్నేండ్లకు నిండిన చెరువు నీళ్ళు వదిల్తే ఊరోళ్ళు నన్ను బతకనిస్తారా అన్నా? రేపు గంగపూజ, సుట్టాలంతా వచ్చినారు. అది కానీ, ఎల్లుండి ఇసక మూటలేయిస్తా."

పోతూ పోతూ తిప్పన్న సునందకు ఒక మాట చెప్పాడు. "కట్ట కింద తడి కనపడితే సూస్తా ఉండు. తేటగా వస్తే కట్ట చెమర్చినట్టు. ఎర్రగా వస్తే లోపల మన్ను పోతాందని."

పూజనాడు ఊరంతా కట్ట మీదే ఉంది. సునంద పైకి పోలేదు. కట్ట అడుగున, మడి గట్టు మీద నిలబడింది. గడ్డి మధ్య నుంచి సన్నని ధార ఒకటి జారుతోంది. కుండలో నీళ్ళంత తేటగా ఉంది. పైన డప్పులు మోగుతున్నాయి. ఆమె ధార మీంచి చూపు తిప్పలేదు. అది మెల్లగా టీ రంగుకు తిరిగింది. తర్వాత ఎర్రబడింది.

ఆమె అరిచింది. డప్పుల్లో అరుపు కలిసిపోయింది. గడ్డి పట్టుకుని ఎగబాకి, ముందున్న డప్పు మీద రెండు చేతులూ వేసి నొక్కి పట్టుకుంది. మిగతా డప్పులు కూడా తడబడి ఆగాయి.

"దిగండి! కట్ట పోతాండాది!"

"దీనికేమన్నా పూనిందా!" అని ఆంజినమ్మ సిగ్గుతో తల కొట్టుకుంది.

కానీ డప్పులు ఆగిన నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. కాళ్ళ కింది నుంచి, తొట్టిలో ఎద్దు నీళ్ళు తాగినట్టు, గుటకలు గుటకలుగా ఒక శబ్దం.

జనం పిల్లల్ని చంకనేసుకుని కట్ట రెండు కొసల వైపూ పరుగెత్తారు. ఓబిలేష్ తల్లిని భుజాన వేసుకున్నాడు. తిప్పన్న ఒక్కడే జనానికి ఎదురుగా పోతున్నాడు.

"యాడికి మామా!" అని సునంద కేక వేసింది.

"తూమెత్తితే రవ్వంత బరువు తగ్గుతాది!"

ఆయన తూము దగ్గరికి చేరడం ఆమె చూసింది. కంకర దారి మధ్యలో కుంగింది. పూజకు తెచ్చిన మేక మెడలో దండతో అటూ ఇటూ చూస్తూ ఉండగానే కట్ట నోరు తెరిచింది.

నీళ్ళు ఓబిలేష్ వరిమడినీ, దిగువనున్న పశువుల కొట్టాలనూ తీసుకుపోయాయి. ఇళ్ళు దక్కాయి. తిప్పన్న మరునాడు వంకలో, కంపచెట్ల మధ్య దొరికాడు. ఆయన చొక్కా ముళ్ళకు పట్టుకుని ఉండబట్టి ఇంకా కిందికి పోలేదు.

పొలాల్లో ఇసక మేట వేసింది. చెరువు అడుగు మళ్ళీ పగిలింది. ఊళ్ళో ఇంకో మాట పుట్టింది: సునంద చదివింది గనకే జరిగింది, ఆయమ్మ నోరు మంచిది కాదు. వసారాకు ఎవరూ రావడం మానేశారు. బోరింగు దగ్గర ఒకామె తన ముందే ఆ మాట అంటే, ఆంజినమ్మ బిందె కింద పెట్టింది. "నా కోడలు డప్పు పట్టుకోకుంటే, ఈ మాట అనేదానికి నువ్వుండేదానివా?" అంది. అయినా ఎవరూ రాలేదు.

ఒక పొద్దున వాకిట్లో ఆటో ఆగింది. వంకకు ఎగువనున్న ఊరి నుంచి సుంకమ్మ అనే ఆమె దిగింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా కట్ట మీద గూడా మాన్లు కొట్టించినామమ్మా, మీ తర్వాతి ఏడే. మా చెరువు ఇంకా నిండుగా ఉండాది. మా సర్పంచే పంపినాడు, నిన్ను పిలుచుకు రమ్మని."

సునంద వంక దిక్కు చూసింది. ఆ చెరువు తెగితే నీళ్ళు దిగేది ఈ వంకకే. వంకకు అడ్డంగా ఇప్పుడు కట్ట లేదు.

"కట్ట కింద ఇండ్లు ఖాళీ చేయించినారా?"

"నువ్వొచ్చి చెప్తే చేయిద్దామని..."

"ఫోన్ చేసి ఇప్పుడే చేయించమను," అంటూ సునంద చెప్పులేసుకుంది. లోపలి నుంచి ఓబిలేష్ గడ్డపార తీసుకుని వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆటో ఊరు దాటేసరికి కదిరి వైపు ఆకాశం నల్లబడుతోంది.